ఓడిపోతే నిజంగా ఓడిపోనివ్వండి

ప్రశ్న: పద్నాలుగేళ్ల కుర్రాడి మీద నా మొదటి నవల రాస్తున్నాను. చివర్లో పరుగు పందెం. ప్రాణస్నేహితుడు ట్రాక్ మీద పడిపోతే, ముందున్న మావాడు పందెం వదిలేసి వెనక్కి వచ్చి లేపుతాడు. చదివినవాళ్లు ‘బాగుంది గానీ నీతికథలా ఉంది’ అంటున్నారు. గెలుపుకన్నా స్నేహం గొప్పదని చెప్పడం పాతబడిపోయిందా?

జవాబు: పాతబడలేదండీ. ఎంతమంది చెప్పిన మాటైనా, ఒక పిల్లాడు దాన్ని తన బతుకులో మొదటిసారి తెలుసుకునేటప్పుడు అది కొత్తదే. మీవాళ్లకు వెలితిగా అనిపించింది ఆ విషయం కాదు, అది మరీ సులువుగా దొరికిపోవడం అని నా అనుమానం.

మీ ఉత్తరంలో ఒక్క సంగతి ఎక్కడా లేదు. ఆ పందెం గెలవడం మీ కుర్రాడికి ఎందుకంత అవసరం? అన్నయ్యనే మెచ్చుకునే ఇంట్లో ఒక్కసారి తన పేరు వినపడాలనా? ఎప్పుడూ రాని నాన్న ఆరోజు వచ్చి కూర్చున్నాడా? ఏదైనా సరే, అది నాకూ కావాలనిపించేలా రాయండి. పేజీ తిప్పుతూ నేను ‘ఆగకురా, పరిగెత్తు’ అని లోలోపల అరవాలి. అప్పుడు వాడు ఆగితే నాకూ నొప్పి పుడుతుంది. అక్కర్లేని కప్పును వదులుకుంటే అందులో త్యాగం ఏముంది?

ఇక స్నేహం. ‘ప్రాణస్నేహితుడు’ అని మీరు సర్టిఫికెట్ ఇచ్చేస్తే సరిపోదు. వాళ్లిద్దరూ దేనికి పోట్లాడుకుంటారు, ఎవరు ముందు మాట్లాడతారు, ఒకడి అబద్ధాన్ని ఇంకొకడు ఎలా కాపాడతాడు, ఇవి కావాలి. అసూయ కూడా ఉండనివ్వండి. ఆ వయసులో స్నేహితుడూ పోటీదారుడూ చాలాసార్లు ఒక్కడే. పెద్దయ్యాక మనం ఈ సంగతి మరిచిపోయి, పిల్లల స్నేహాన్ని పాలలా తెల్లగా రాసేస్తాం.

జాన్ నోల్స్ 1959లో రాసిన ‘ఎ సెపరేట్ పీస్’ దొరికితే చదవండి. అందులో ఫిన్నీ అనే కుర్రాడు స్కూల్ ఈత రికార్డు బద్దలుకొట్టి, ఎవరికీ చెప్పొద్దని స్నేహితుడు జీన్‌ను అడుగుతాడు. జీన్‌కు అది మింగుడుపడదు. తనలాగే వాడూ తనతో పోటీ పడుతున్నాడని నమ్ముతూ ఉంటాడు. అసలు ఫిన్నీ మనసులో ఏ పోటీ లేదని అర్థమైన కాసేపటికే, ఇద్దరూ చెట్టుకొమ్మ మీద నిలబడి ఉండగా జీన్ మోకాళ్లు వంగుతాయి, కొమ్మ ఊగుతుంది, ఫిన్నీ కిందపడి కాలు విరగ్గొట్టుకుంటాడు. స్నేహం విలువ గురించి ఒక్క ఉపన్యాసం లేకుండానే అక్కడ మనకు ఊపిరాడదు.

ఖాలిద్ హొసేనీ ‘ది కైట్ రన్నర్’ (2003) దీన్నే తిరగేసి చూపిస్తుంది. 1975 చలికాలంలో కాబూల్‌లో గాలిపటాల పోటీ. అమీర్ గెలుస్తాడు, తండ్రి మెప్పు దొరుకుతుంది. అమీర్ కోసం తెగిన గాలిపటం తేవడానికి పరిగెత్తిన స్నేహితుడు హసన్ ఒక సందులో దుర్మార్గుల చేతికి చిక్కుతాడు. అమీర్ చూసి కూడా అడ్డు వెళ్లడు. గెలుపు ఇంటికొచ్చింది, స్నేహం ఆ సందులోనే ఆగిపోయింది.

అందుకే మీకో పని చెబుతాను. మీ కుర్రాడు ఆగకుండా పరిగెత్తి గెలిచినట్టు ఒక అధ్యాయం రాయండి. మర్నాడు పొద్దున వాడు స్నేహితుడి ముందు ఎలా నిలబడతాడో కూడా రాయండి. నవలలో అది ఉంచనక్కర్లేదు. వాడు పోగొట్టుకునేదేమిటో ముందు మీకు తెలుస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. వాడు ఓడిపోతే నిజంగా ఓడిపోనివ్వండి. ప్రత్యేక బహుమతి, హెడ్మాస్టర్ ప్రసంగం, లేచి నిలబడి చప్పట్లు కొట్టే జనం, ఇవేవీ వద్దు. అది దొడ్డిదారిన గెలుపు ఇప్పించడమే. కోచ్ మొహం తిప్పుకోనివ్వండి. నాన్న ఏమీ అనకుండా ఇంటికి నడవనివ్వండి. కిందపడ్డవాడికే కోపం రావచ్చు కదా: ‘నిన్నెవడు ఆగమన్నాడు? ఇప్పుడు జీవితాంతం నేను దీన్ని మోయాలా?’ ఈ ఒక్క మాట మీద మీరు ఇరవై పేజీలు రాయగలరు. నాకైతే మీ నవల అక్కడే మొదలవుతుంది.

ప్రశ్న: మా అమ్మాయికి పదమూడేళ్లు, బాగా ఆడుతుంది. ఇలాంటి నవలలు చదివితే గెలవాలన్న పట్టుదల పోతుందేమోనని టెన్షన్.

జవాబు: పోదమ్మా. టోక్యో ఒలింపిక్స్ హైజంప్ ఫైనల్ గుర్తుందా, 2021 ఆగస్టు 1న? ఖతార్ ఆటగాడు బర్షిమ్, ఇటలీ ఆటగాడు టంబేరి ఇద్దరూ 2.37 మీటర్లు దాటి, 2.39 దగ్గర మూడేసిసార్లు విఫలమయ్యారు. విజేతను తేల్చడానికి మళ్లీ దూకుతారా అని అధికారి అడగబోతే, ‘ఇద్దరికీ బంగారం ఇవ్వొచ్చా?’ అన్నాడు బర్షిమ్. ఇద్దరూ పాత స్నేహితులే, ఇద్దరూ చీలమండ గాయాలతో ఆటకు దూరమై తిరిగొచ్చినవాళ్లే. పట్టుదల లేనివాళ్లు ఆ ఎత్తుకు చేరరు. నిశ్చింతగా చదవనివ్వండి. చదివాక ‘నువ్వైతే ఆగేదానివా?’ అని అడగండి. ‘ఆగను’ అంటే కోప్పడకుండా, ఎందుకో వినండి.