హనుమకొండలో కొత్తగా దిగిన మా అక్క కూతురికి

అమ్మలూ,

నిన్న ఫోన్‌లో మూడుసార్లు "ఎదురింటావిడ" అన్నావు. మీరు హనుమకొండ వెళ్ళి నలభై రోజులైంది, ఆవిడ పేరు నీకింకా తెలియదు. రాత్రి నిద్ర పట్టక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీ బాబాయి బదిలీ మీద 1988లో నేనూ కాకినాడ నుంచి ఆ ఊరే వెళ్ళాను. నా యాసకి నవ్వుతారేమోనని నాలుగు నెలలు తలుపులు వేసుకుని కూర్చున్నాను. ఒక రాత్రి పిల్లాడికి ఒళ్ళు కాలిపోతోంది, మీ బాబాయి క్యాంపులో ఉన్నారు. ఎవర్ని ఏమని పిలవాలో తెలియక గడప దగ్గర నిలబడిపోయాను. వాడి ఏడుపు విని పక్కింటి పెద్దావిడ తనే వచ్చింది. "ఒక్కదానివే గిట్ల ఉంటవా బిడ్డా, పిలువొద్దా?" అంటూ వాణ్ణి ఎత్తుకుని రిక్షా ఎక్కింది. ఇప్పుడు 108 ఉంది, నిజమే. అది వచ్చేలోగా నీ రెండోదాన్ని ఎత్తుకునేది ఎవరు?

కాబట్టి ముందు అడగడం నేర్చుకో. స్వీటు డబ్బా పట్టుకెళ్తే తీసుకుని థాంక్స్ చెప్తారు, అంతే. "అక్కా, మంచి పాలు ఎక్కడ దొరుకుతాయి, నీళ్ళు ఏ వేళకి వస్తాయి" అని అడిగితే కూర్చోబెట్టి చెప్తారు. నీ మాట మార్చుకోనక్కర్లేదు, వాళ్ళ మాట చెవిన పడనీ. బజారులో ఆలుగడ్డంటే బంగాళాదుంప, సల్లంటే మజ్జిగ. బయల్దేరేటప్పుడు "పైలం" అంటే జాగ్రత్తగా వెళ్ళిరా అని. ఆ మాట మొదటిసారి నాతో అన్నరోజు ఎంత ధైర్యమొచ్చిందో!

నీ అదృష్టం, బతుకమ్మ ముందుంది. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై తొమ్మిదోనాడు సద్దులతో ముగుస్తుంది. "నాకు పేర్చడం రాదు, నేర్పిస్తారా?" అని రెండ్రోజుల ముందే ఎదురింటికి వెళ్ళు. తంగేడు, గునుగు, బంతి తీసుకెళ్ళు. గునుగుపూలకి రంగు అద్దుతూ కూర్చుంటే, ఏడాదిపాటు "బాగున్నారా" అనుకున్నా తెలియని సంగతులు ఒక్క పూటలో తెలుస్తాయి. పైన పసుపు గౌరమ్మని వాళ్ళచేతే పెట్టించు. సాయంత్రం వేయిస్తంభాల గుడి దగ్గరికి వాళ్ళతోనే వెళ్ళు. పాట రాకపోయినా చప్పట్లు కొడుతూ వలయంలో తిరుగు, "ఉయ్యాలో" అన్నచోట గొంతు కలుపు. ఆరోరోజు అలిగిన బతుకమ్మ, ఆవేళ పేర్చరు. తెలియక నేను పూలన్నీ కొనుక్కొచ్చాను. సద్దులనాడు మన పులిహోర చేసి పంపు, వాళ్ళ సత్తుపిండి వస్తుంది. వచ్చిన గిన్నె మాత్రం ఖాళీగా తిరిగివ్వకు, చిటికెడు పంచదారైనా వేసివ్వు.

ఒక్కటి గట్టిగా చెప్తున్నాను. ఇంటిపేరు అడిగి కులం ఆరా తీయకు. నిన్నెవరైనా "మీరేవిట్లు?" అంటే "కాకినాడవాళ్ళం" అని నవ్వి ఊరుకో. జీతం, అద్దె కూడా అడగొద్దు. ఇంకొకరింటి సంగతి నీ నోటివెంట మూడో ఇంటికి పోకూడదు. వాచ్‌మన్ భార్యని పేరు పెట్టి పిలువు, ఆ అపార్ట్‌మెంటులో అందరికంటే ముందు నీకు ఆసరా ఆవిడే.

రేపు మీ పై అంతస్తులో ఇంకెవరో దిగుతారు. అప్పుడు పాతదానివి నువ్వే. సామాను దించుతున్నవేళ వెళ్ళి కబుర్లు మొదలెట్టకు. ఒక బిందె మంచినీళ్ళు, ఫ్లాస్కులో టీ ఇచ్చి వచ్చెయ్యి. భోజనం పంపాలంటే ఏం తింటారో, ఏం తినరో ముందు కనుక్కో.

దసరాకి నేనూ బాబాయీ వస్తున్నాం. ఆ సాయంత్రం జమ్మి ఆకు పెద్దవాళ్ళ చేతిలో పెట్టి దండం పెట్టుకోవడం అక్కడి పద్ధతి, దాన్ని బంగారమంటారు. నాకోసం ఆనాడు రిక్షా ఎక్కిన పెద్దావిడ ఇప్పుడు లేదు. వాళ్ళ కోడలు ఆ ఇంట్లోనే ఉంది, నిన్ను తీసుకెళ్తాను. ఈలోగా మీ ఎదురింటావిడ పేరేమిటో నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ పిన్ని