రాళ్ల ఫ్యాక్టరీ నుంచి అద్దాల ఫ్యాక్టరీకా?

ప్రశ్న: మాది చీమకుర్తి. గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ని. చేరింది మాత్రం కటింగ్ మెషీన్ దగ్గర హెల్పర్‌గా. మా అబ్బాయి ఒంగోలులో డిప్లొమా మెకానికల్ ఆఖరి సెమిస్టర్ చదువుతున్నాడు. చెన్నై పక్కన శ్రీపెరంబుదూర్ వైపు నుంచి ఒక కంపెనీ క్యాంపస్‌కొచ్చి వాణ్ని ట్రైనీగా తీసుకుంది. కిటికీలకు పెట్టే డబుల్ గ్లాసులు తయారుచేస్తారంట. వాడు పోతానంటున్నాడు, మూడేళ్లు నేర్చుకుని ఒంగోలులో సొంతంగా పెడతానంటున్నాడు. నేనేమో ఈసెట్ రాసి బీటెక్ చెయ్యి, తర్వాత హైదరాబాద్‌లో ఏఐ కోర్సు చేయించి సాఫ్ట్‌వేర్‌లో పెడతా, అవసరమైతే స్థలం అమ్ముతా అంటున్నా. మా బావమరిది కొడుకు అట్టాగే పోయి సెటిలయ్యాడు. నా బతుకు రాళ్లతో తెల్లారింది. వాడి బతుకు అద్దాలతో తెల్లారాలా? రెండిట్లో ఏది మేలో చెప్పండి.

జవాబు: అన్నా, ఈసెట్ ఎప్పుడు, ఏ ర్యాంకుకి ఏ కాలేజీ అన్నవి మీ అబ్బాయికి నాకంటే బాగా తెలిసుంటాయి. వాటిని వదిలేద్దాం. ఇట్లాంటి ఉత్తరాలు ఎండాకాలం రాగానే మొదలవుతాయి. పొగాకును వేడి పెట్టి ఆరబెట్టే బ్యారన్ దగ్గర కాలం గడిపినాయన కొడుకు పొగ జోలికి పోకూడదంటాడు. రొయ్యల చెరువు మీద కాపలా ఉన్నాయన కొడుకు ఏసీలోనే కూర్చోవాలంటాడు. మీ ఉత్తరంలో బీటెక్ అనే మాట ఉంది గానీ, దాని వెనకున్నది మీరు పీల్చిన దుమ్ము. ముందు దాని సంగతి చూద్దాం.

గ్రానైట్‌లో ఉండేది స్ఫటిక రూపంలోని సిలికా. పొడిగా కోస్తే లేచే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. మీ భయం ఉత్తుత్తిది కాదు. గ్లాసు కూడా సిలికా ఇసుక నుంచే వస్తుంది. (మన గూడూరు, చిల్లకూరు, కోట వైపు తవ్వేది ఆ ఇసుకే. ఇసుక మన దగ్గర, ఫ్యాక్టరీ తమిళనాడులో. దాని గురించి ఇంకోసారి పోట్లాడుకుందాం.) కానీ కొలిమిలో ఒకసారి కరిగి గ్లాసయ్యాక ఆ స్ఫటిక రూపం ఉండదు. పైగా మీవాడు పోయేది ఇసుక కరిగించే చోటికి కాదు. ఎక్కడో తయారై పలకలుగా వచ్చిన ఫ్లోట్ గ్లాసును కోసి, అంచులు రుద్ది, ఫర్నేస్‌లో పెట్టి, రెండేసి జతచేసే చోటికి. అంచులు రుద్దే మెషీన్ మీద నీళ్లు పారుతూనే ఉంటాయి. మీ పాలిషింగ్ లైన్ మీద పారినట్టే అనుకోండి, కాకపోతే తెల్లారేసరికి ఒంటి మీద బూడిద ఉండదు.

ప్రమాదం లేదా అంటే, ఉంది. దాచను. అక్కడ ప్రాణం తీసేది దుమ్ము కాదు, బరువు. ఒక చదరపు మీటరు గ్లాసు మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు తూగుతుంది. 6 మిల్లీమీటర్ల పెద్ద పలక ఒక్కటే మనిషి బరువును దాటుతుంది, అట్లాంటివి పదులకొద్దీ స్టాండుకి ఆనించి ఉంటాయి. ఆ స్టాండు ఒరిగితే దాన్ని చేతులతో ఆపాలని చూసేవాడే చచ్చిపోతాడు. గ్రానైట్ పలకలు పడే తీరు చూసిన మీకు ఇది వేరే చెప్పక్కర్లేదు. రెండోది కోత. తెగని గ్లౌజులు, మోచేతి దాకా తొడుగులు, బూట్లు ఇచ్చి వేసుకోమని గదమాయించే సూపర్‌వైజరుంటే చాలావరకు తప్పుతుంది. లేకపోతే ఆ కంపెనీకి పంపొద్దు. ఇంతవరకూ మీ పక్షమే.

ఇక ఆ పనేంటో. మీరు "అద్దాలు" అని తేలిగ్గా రాశారు, ఫొటో ఫ్రేములు కట్టే కొట్టు మీ మనసులో ఉన్నట్టుంది.

రైల్లో ఏసీ బోగీ కిటికీ చూసే ఉంటారు. రెండు గ్లాసులు, మధ్యలో సందు. కొన్ని కిటికీల్లో ఆ సందులో తెల్లగా మసక పట్టి, నీటి చుక్కలు కనపడతాయి. లోపల తుడిచినా పోదు, బయట తుడిచినా పోదు. అదే ఈ వృత్తిలో వైఫల్యం. ఎక్కడో ఒక షిఫ్టులో ఎవరో అంచు సరిగ్గా మూయలేదు, అది ఏళ్ల తర్వాత బయటపడింది. మీవాడు నేర్చుకోబోయేది అట్లా జరక్కుండా చూడటం.

ముందు టఫెనింగ్. గ్లాసును 620 డిగ్రీలు దాటించి, మెత్తబడే హద్దు దాకా తీసుకెళ్లి, రెండు వైపులా ఒక్కసారిగా గాలి కొడతారు. పైపొర ముందు గట్టిపడుతుంది, లోపలిది ఆలస్యంగా చల్లారుతూ పైపొరను నొక్కిపెడుతుంది. మామూలు గ్లాసుకు నాలుగైదు రెట్ల బలం వస్తుంది, పగిలితే కత్తుల్లాంటి పెంకులు కాకుండా చిన్న చిన్న ముక్కలుగా రాలుతుంది. కానీ ఒకసారి ఫర్నేస్‌లోంచి వచ్చాక దాన్ని కొయ్యలేరు, రంధ్రం వెయ్యలేరు. కొలత తప్పితే పారెయ్యడమే. నూరు శాతం సరిగ్గా చేసినా, లోపల కంటికి కనపడని నికెల్ సల్ఫైడ్ రేణువుంటే ఎప్పుడో నెలల తర్వాత ఎవరూ తాకకుండానే ఢాం అంటుంది. అందుకే ఎత్తయిన బిల్డింగులకు పంపే పలకల్ని కొన్ని గంటలపాటు వేడి గదిలో పెట్టి, పగిలేవాటిని అక్కడే పగలనిస్తారు. హీట్ సోక్ అంటారు దాన్ని.

తర్వాత జతచెయ్యడం. డీజీయూ (డబుల్ గ్లేజ్డ్ యూనిట్) లైన్ అంటారు. గ్లాసును ఖనిజాలు తీసేసిన నీళ్లతో కడుగుతారు. అంచు చుట్టూ పెట్టే అల్యూమినియం స్పేసర్ బోలుగా ఉంటుంది, దాని నిండా మాలిక్యులర్ సీవ్ గుళికలు పోస్తారు. మందుల సీసాలో తేమ పీల్చడానికి వేసే చిన్న పొట్లం లాంటిదే. ఆ గుళికల డ్రమ్ము మూత తీసి వదిలేస్తే అవి ఫ్యాక్టరీ గాలిలోని తేమనే పీల్చేసుకుని, కిటికీలోకి వెళ్లేసరికి పనికిరాకుండా పోతాయి. చూడ్డానికి మాత్రం ఏ తేడా ఉండదు. స్పేసర్ రెండు పక్కలా బ్యూటైల్ అనే రబ్బరు జిగురు తీగలా అంటిస్తారు, తేమను ఆపేది అదే. రెండో గ్లాసు పెట్టి ప్రెస్ చేసి, కొన్నిటికి సందులో ఆర్గాన్ వాయువు నింపి, బయటి అంచంతా సిలికాన్‌తోనో పాలీసల్ఫైడ్‌తోనో నింపుతారు. అది రెండు భాగాలు కలిపే పదార్థం. కలయిక సరిగ్గా ఉందో లేదో తెలియడానికి షిఫ్టు మొదట్లో కాగితం మీద కొంచెం పెట్టి, మడిచి విప్పి చూస్తారు. తెల్ల చారలు కనపడితే లైన్ ఆపాలి. బటర్‌ఫ్లై టెస్ట్ అంటారు. ప్రొడక్షన్ మేనేజర్ పక్కన నిలబడి అరుస్తున్నా లైన్ ఆపే కుర్రాడికే ఈ రంగంలో గిరాకీ.

ఇంకొకటి చెప్పి ఆపేస్తా. మన ఎండలకు మామూలు గ్లాసులు రెండు జతచేస్తే సరిపోదు. గది బయటి వేడి గ్లాసు గుండా లోపలికి పారే వేగం దాదాపు సగానికి తగ్గుతుంది నిజమే, కానీ నేరుగా పడే ఎండ మాత్రం చాలావరకు లోపలికొచ్చేస్తుంది. దాన్ని ఆపేది బయటి గ్లాసుకు లోపలి ముఖాన ఉండే పల్చటి వెండి పూత. ఆ పూతను అంచుల్లో గీకెయ్యకుండా సీల్ చేస్తే తుప్పు అంచు నుంచి మెల్లగా లోపలికి పాకుతుంది. ఏ ముఖం ఎటుండాలో తప్పు పెడితే కిటికీ పైకి బాగానే ఉంటుంది, పని చెయ్యదు. ఇదంతా చదివాక కూడా కూలిపని అనిపిస్తే, రాతి దిమ్మెల్ని పలకలుగా కోసే మీ గ్యాంగ్‌సా నడిపే మేస్త్రీని ఒక్కరోజు సెలవు పెట్టమని చూడండి. ఫ్యాక్టరీ ఏమవుతుందో మీకే తెలుసు.

ఇప్పుడు మీ ప్లాన్ సంగతి. మెకానికల్ డిప్లొమా మూడేళ్లు చదివించారు. దాని మీద మెకానికల్ బీటెక్ ఇంకో మూడేళ్లు చదివిస్తానంటున్నారు. అది కాగానే ఆ ఆరేళ్ల చదువునీ పక్కన పెట్టించి, కొన్ని నెలల కోర్సు చేయించి, అసలు నాలుగేళ్లూ కంప్యూటర్ సైన్సే చదివినవాళ్లతో పోటీకి నిలబెడతానంటున్నారు. దానికోసం స్థలం అమ్ముతారు. కోపం తెచ్చుకోకండి, ఇది పిల్లవాడి కోసం వేసిన ప్లాన్‌లా లేదు. బావమరిది ఇంటికి పండక్కి పోయినప్పుడు చెప్పుకోడానికి వేసిన ప్లాన్‌లా ఉంది.

సాఫ్ట్‌వేర్ చెడ్డదనడం లేదు. ఇష్టమున్న పిల్లల్ని నేనే పంపిస్తుంటా. నాకు అనుమానమున్నది ఆ "ఏఐ కోర్సు" మీద. బోర్డు మీద పేరు మారినంత వేగంగా లోపల చెప్పేది మారదు. మొన్నటిదాకా ఫుల్ స్టాక్ అన్న గదిలోనే, నిన్న డేటా సైన్స్ అన్న గదిలోనే, ఇవాళ ఏఐ అంటున్నారు. చిన్న చిన్న ప్రోగ్రాములు రాసిపెట్టే పనిని ఆ ఏఐయే చేసేస్తుంటే, కొత్తవాడికి మొదటి మెట్టు ఎక్కడుందో ఆ కోర్సులమ్మేవాళ్లను అడగండి. ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటే కాగితం మీద రాసివ్వమనండి. మీ బావమరిది కొడుకు ఏ ఏడాది చేరాడు, ఏం చదివాడు, మధ్యలో ఎంతకాలం ఖాళీగా ఉన్నాడు అని ఎప్పుడైనా అడిగారా? అడిగుండరు. మనం పక్కింటి పిల్లల జీతమే అడుగుతాం. మీవాడికి కోడింగ్ మీద ఆసక్తి ఉందని మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. వాడు పోతానన్న చోటు మాత్రం ఉంది. ఇంటి నుంచి దూరంగా, చిన్న జీతానికి, షిఫ్టుల్లో పనిచేస్తానని ఒక కుర్రాడు తనంతట తాను అంటుంటే, దాన్ని తలపొగరని తండ్రులు ఎందుకనుకుంటారో నాకు అర్థం కాదు.

మీవాణ్ని కూడా ఒక మాట అనాలి. మూడేళ్లలో ఒంగోలులో సొంత యూనిట్ అన్నది అప్పుడే వద్దు. టఫెనింగ్ ఫర్నేస్ అంటే పెద్ద కరెంటు లోడు, పెద్ద షెడ్డు, పెద్ద అప్పు. ఆర్డరున్నా లేకపోయినా వాయిదా ఆగదు. టఫెన్డ్ గ్లాసుకు ప్రభుత్వ నాణ్యతా ముద్ర, బీఐఎస్ మార్కు తప్పనిసరి అయింది, అంటే లైసెన్సు, టెస్టింగ్ ఖర్చు అదనం. చెన్నై నుంచి లారీలో ఒంగోలుకు సరుకు వచ్చేస్తున్నప్పుడు ఒంగోలులో తయారుచేసినందుకు కొనేవాడు ఎంత ఎక్కువిస్తాడు? హోటళ్లు, ఆస్పత్రులు, హైవే పక్క ఇళ్లు, ఏసీ హాళ్లు, కోల్డ్ రూముల తలుపులు అన్నీ లెక్కేసినా ఇవాళ ఆ గిరాకీతో ఫర్నేస్ నిండదు. టఫెన్డ్ పలకలు కొలత ప్రకారం తెప్పించుకుని, ఇక్కడ జతచేసి బిగించే చిన్న డీజీయూ యూనిట్ అయితే ఆలోచించొచ్చు. అదీ కొలతలు తియ్యడం, సైట్లో బిగించడం, ఐదేళ్ల వారంటీ అడిగేవాడితో మాట్లాడటం వచ్చాక. కాబట్టి ఆ స్థలం అమ్మకండి. చదువుకీ వద్దు, ఫర్నేస్‌కీ వద్దు.

రెండిట్లో ఏది మేలని అడిగారు, దాని లెక్క పెద్దగా లేదు. ట్రైనీగా మొదటి ఏడాది హాస్టలు, తిండి పోను ఇంటికి పంపేంత మిగలదు. లైన్ మీద రెండేళ్లు నిలబడితే క్వాలిటీ, మెయింటెనెన్స్, సైట్ కొలతలు, బిల్డింగులకు అద్దాల గోడలు బిగించే ఫసాడ్ కంపెనీలు అని దారులు చీలతాయి. ఫర్నేస్ వేడి అమర్చడం వచ్చినవాణ్ని ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీ పిలుచుకుపోతుంది. బీటెక్ డిగ్రీ లేకపోతే పైకి పోయేకొద్దీ ఎక్కడో ఒకచోట తలకు తగులుతుంది, అదీ నిజమే. కానీ ఆ తలుపు మూసుకుపోదు. ఈసెట్ వచ్చే ఏడాదీ ఉంటుంది. ఉద్యోగం చేస్తూ బీటెక్ చదవడానికి, ఇంజినీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ 2023లో కొన్ని కాలేజీలకు అనుమతులు మొదలుపెట్టింది, డిప్లొమా మీద కనీసం ఏడాది అనుభవం ఉండాలి. అప్పుడు వాడికి ఎందుకు చదువుతున్నాడో తెలిసుంటుంది, ఫీజులో కొంతైనా తనే కట్టుకుంటాడు. గ్లాసు పదార్థం మీదే మనసు పడితే గూడూరులో సిరామిక్ టెక్నాలజీ డిప్లొమా ఉంది, కలకత్తాలో కేంద్ర ప్రభుత్వ గ్లాస్, సిరామిక్ పరిశోధన సంస్థ ఉంది. ఇవాళ తప్పు చేస్తే రేపు దిద్దుకోలేనంత వయసు కాదు మీవాడిది. ఇరవై దాటని పిల్లవాడి గురించి బతుకు తెల్లారింది అనే మాట ఎత్తకండి, వాడు వింటుంటాడు.

అయినా మీ మనసు ఒప్పుకోదని తెలుసు. అందుకని చేరకముందే ఒక్కరోజు ఇద్దరూ కలిసి పోయి చూసి రండి, ఒంగోలులో చెన్నై రైలెక్కితే సరి. హెచ్‌ఆర్ ఆఫీసులో కూర్చోబెట్టి టీ ఇచ్చి పంపిస్తే ఒప్పుకోకండి, షాపు ఫ్లోర్ చూపించమనండి. ఏళ్ల తరబడి అనుభవమున్న కళ్లు మీవి, నాకంటే మీకే ఎక్కువ తెలుస్తుంది. స్టాండ్లకు అడ్డుకట్టలున్నాయా, మాలిక్యులర్ సీవ్ డ్రమ్ములకు మూతలున్నాయా, కుర్రాళ్ల చేతుల మీద కొత్త గాట్లున్నాయా చూడండి. క్యాంటీన్‌లో మన ఒంగోలు, నెల్లూరు పిల్లలు తప్పకుండా కనపడతారు, ఓటీ డబ్బులు వేళకు పడుతున్నాయా అని వాళ్లను అడగండి. ఆఖరిది, ఆఫర్ లెటర్ మీద కంపెనీ పేరే ఉందా, లేక మనుషుల్ని సప్లై చేసే కాంట్రాక్టర్ పేరుందా, పీఎఫ్, ఈఎస్‌ఐ ఎవరు కడతారు అన్నది కాగితం మీద చూసుకోండి. కాంట్రాక్టర్ పేరుంటే సంతకం పెట్టించకుండా నాకు మళ్లీ రాయండి, అప్పుడు నా జవాబు వేరేగా ఉంటుంది.