సంతకం పెట్టే ముందు ఆరు నెలల ఖర్చు చేతిలో ఉందా?

ప్రశ్న: మా వారి వయసు 43. సంగారెడ్డి దగ్గర ఒక ప్రైవేటు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా 7 సంవత్సరాల 8 నెలలు పనిచేశారు. జీతం 38,000 రూపాయలు, అందులో మూలవేతనం 19,000. పదకొండు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. కర్ర సాయంతో నడుస్తున్నారు. చెయ్యి పూర్తిగా స్వాధీనంలోకి రాదని డాక్టరు చెప్పారు. నాలుగు నెలలు సెలవులో ఉన్నాక కంపెనీవారు రాజీనామా అడిగితే, పీఎఫ్ తొందరగా వస్తుందని ‘సొంత కారణాల వల్ల’ అని రాసి ఇచ్చాము. గ్రాట్యుటీ సంగతి అడిగితే రాజీనామా చేసినవారికి రాదన్నారు. దాచుకున్న 40,000 ఆసుపత్రిలోనే అయిపోయాయి. నూటికి మూడు రూపాయల వడ్డీకి 2,00,000, ఫోనులో లోన్ యాప్‌ల ద్వారా 45,000 తెచ్చాము. నేను బట్టలు కుట్టి నెలకు 8,000 దాకా సంపాదిస్తాను. వడ్డీలు కాక ఇంటి ఖర్చు 24,000. పీఎఫ్‌లో 3,40,000 ఉన్నాయి. పింఛను ఖాతాలోది కూడా తీస్తే ఇంకో 1,20,000 వస్తుందని ఒక ఏజెంటు ఫారం 10సీ నింపి ఉంచాడు. ఇంటి కాగితాలు ఫైనాన్స్‌లో పెట్టి 5,00,000 తెచ్చి కిరాణా దుకాణం పెట్టమని మా బావగారు అంటున్నారు. ఏం చేయమంటారు? మా వారి పేరు మీద 50 లక్షల టర్మ్ బీమా పాలసీ ఉంది, దాని ప్రీమియం ఈసారి మానేద్దామనుకుంటున్నాము, గడువు వచ్చే నెల 12.

జవాబు: అమ్మా, మిగతా మాటలన్నీ తరువాత. ఆ ఫారం మీద మీ వారి చేత సంతకం పెట్టించకండి. ఇప్పటికే పెట్టి ఉంటే ఈ రోజే వెళ్లి దాన్ని వెనక్కి తీసుకోండి.

ఫారం 10సీలో రెండు దారులు ఉంటాయి. ఒకటి పింఛను ఖాతాలోని సొమ్ము వాపసు తీసుకోవడం, రెండోది చేసిన సర్వీసును కాపాడుకుంటూ స్కీం సర్టిఫికెట్ తీసుకోవడం. ఏజెంటు నింపింది మొదటిది. ఆ డబ్బు చేతికి వచ్చిన రోజున మీ వారి ఏడేళ్ల ఎనిమిది నెలల సర్వీసు పింఛను లెక్కలోంచి తుడిచిపెట్టుకుపోతుంది. ఆ తరువాత ఎవరిని వేడుకున్నా అది తిరిగి రాదు. పదేళ్లు నిండలేదు కాబట్టి ఎలాగూ పింఛను రాదని అతను మీకు చెప్పి ఉంటాడు. నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది ఇదే నమ్మి వస్తారు. మామూలు పింఛనుకు పదేళ్లు కావాలన్నది నిజమే. కాని 1995 ఉద్యోగుల పింఛను పథకంలో, ఉద్యోగంలో ఉండగా శాశ్వతంగా, పూర్తిగా పనిచేయలేని స్థితికి వచ్చినవారికి వేరే నిబంధన ఉంది. ఒక్క నెల చందా జమ అయి ఉంటే చాలు. ప్రమాదం ఫ్యాక్టరీలోనే జరిగి ఉండాలన్న షరతు కూడా లేదు. జబ్బు వల్ల వచ్చినదైనా, ఇంట్లో ఉండగా వచ్చినదైనా ఆ నిబంధన వర్తిస్తుంది.

ఇప్పుడు లెక్క చూడండి. పింఛనుకు లెక్కించే జీతం పరిమితి 15,000. ఏడేళ్ల మీద ఆరు నెలలు దాటాయి కాబట్టి సర్వీసును ఎనిమిదేళ్లుగా తీసుకుంటారు. 15,000ను 8తో హెచ్చించి 70తో భాగిస్తే నెలకు సుమారు 1,714 రూపాయలు. చిన్న మొత్తమేనని మీకు అనిపించవచ్చు. ఏజెంటు ఆశ చూపిన 1,20,000 ఈ లెక్కన ఆరేళ్లు తిరగకముందే వచ్చేస్తుంది. మీ వారికి ఇప్పుడు 43 ఏళ్లు. ఈ పింఛను ఆయన జీవితాంతం వస్తుంది. ఆయన తరువాత మీకు కుటుంబ పింఛను ఉంటుంది. పైగా వైకల్యం ఏర్పడిన మరుసటి రోజు నుంచే లెక్క మొదలవుతుంది కాబట్టి, మంజూరు ఆలస్యమైనా బకాయి కలిపి చెల్లించాలి. దీనికి దరఖాస్తు ఫారం 10డి. పీఎఫ్ కార్యాలయం సూచించిన వైద్య పరీక్షకు మీ వారు హాజరు కావాలి. జబ్బు వచ్చేనాటికి చేస్తున్న ఉద్యోగానికి ఇకపై శాశ్వతంగా పనికిరారని అక్కడ తేలాలి. ఆసుపత్రి డిశ్చార్జి పత్రం, స్కానింగ్ రిపోర్టులు, ఫిజియోథెరపీ చీటీలు ఒక్కటి కూడా పారేయకండి. జబ్బు వచ్చిన తేదీ ఉద్యోగం మానిన తేదీకి ముందే ఉందని రుజువు చేసేవి అవే.

ఒకవేళ ఆ పరీక్షలో కాదన్నా, అప్పుడైనా స్కీం సర్టిఫికెట్ తీసుకోండి తప్ప డబ్బు వాపసు వద్దు. మీ వారు రేపు కూర్చుని చేసే కొలువేదైనా సంపాదిస్తే, ఇంకో రెండేళ్ల నాలుగు నెలలతో పదేళ్లు నిండుతాయి.

ఇక రాజీనామా. ‘సొంత కారణాల వల్ల’ అన్న ఆ మూడు మాటలు ఎన్ని కుటుంబాలకు నష్టం చేశాయో చెప్పలేను. కంపెనీకి అది సులువు. పీఎఫ్ రికార్డులో ఉద్యోగం మానిన కారణం అనే గడి ఒకటి ఉంటుంది. మీ వారి విషయంలో అక్కడ మామూలుగా మానేసినట్టే నమోదై ఉంటుంది. అది ‘శాశ్వత వైకల్యం’ అని మారాలి. ఉద్యోగి, యజమాని కలిసి ఇచ్చే ఉమ్మడి డిక్లరేషన్‌తో ఈ సవరణ చేసుకోవచ్చు. జబ్బు వచ్చిన తేదీ, సెలవు కాలం, రాజీనామా అడిగిన తేదీ వివరిస్తూ కంపెనీకి ఉత్తరం రాయండి. రిజిస్టరు పోస్టులో పంపి రసీదు దాచండి. కారణం సరిగా నమోదైతే ఇంకో మేలు కూడా ఉంది. శాశ్వతంగా పనిచేయలేక ఉద్యోగం విడిచినవారు పీఎఫ్ మొత్తం తీసుకోవడానికి నెలల తరబడి ఆగవలసిన పని లేదు.

గ్రాట్యుటీ రాదన్న మాట పచ్చి అబద్ధం. అయిదేళ్లు దాటిన ఉద్యోగి రాజీనామా చేసినా గ్రాట్యుటీ ఇవ్వాలి. జబ్బు వల్ల పనిచేయలేక మానినవారికైతే ఆ అయిదేళ్ల షరతు కూడా లేదు. మీ లెక్క 19,000ను 15తో హెచ్చించి, 26తో భాగించి, ఎనిమిదేళ్లకు కట్టాలి. 87,692 రూపాయలు వస్తుంది. రాతపూర్వకంగా అడగండి. ముప్పై రోజుల్లో ఇవ్వకపోతే కార్మిక శాఖలో అసిస్టెంట్ కమిషనరు కార్యాలయానికి వెళ్లండి. ఆలస్యానికి వడ్డీ కూడా కంపెనీయే భరించాలి.

నేను ఈ ఉత్తరాన్ని ఎంచుకున్నది ఈ నిబంధనలు చెప్పడానికి మాత్రమే కాదు. మీరు చేసిన పనులు ఒకసారి వరుసగా చూడండి. రాజీనామా ఎందుకు రాసిచ్చారు? పీఎఫ్ తొందరగా వస్తుందని. మూడు రూపాయల వడ్డీకి ఎందుకు వెళ్లారు? నెల తిరిగేసరికి ఇంట్లో డబ్బు లేదు. పింఛను ఖాతా ఎందుకు ఖాళీ చేయబోతున్నారు? వడ్డీ వ్యాపారి గుమ్మంలో నిలబడ్డాడు. హక్కుగా రావలసినవి మీకు చాలానే ఉన్నాయి. కాని అవి ఏవీ అడిగిన రోజున చేతికి రావు. వైద్య పరీక్షకు తేదీ రావాలి, రికార్డు సవరణ కావాలి, కంపెనీ కదలాలి. ఆ నెలలు ఇల్లు గడిచే దారి లేనివాడు హక్కులకు నీళ్లొదిలి చేతికి వచ్చినదే పుచ్చుకుంటాడు. జీతం 38,000 ఉన్న ఇంట్లో 40,000 పొదుపు అంటే రెండు నెలల ఖర్చుకు కూడా చాలదు. ఇది మిమ్మల్ని నొప్పించడానికి రాయడం లేదు. ఇది చదువుతున్న ప్రతి ఉద్యోగీ ఈ రోజు తన బ్యాంకు ఖాతా చూసుకోవాలని రాస్తున్నాను. ఆరు నెలల ఖర్చు విడిగా, ముట్టుకోకుండా ఉండాలి. చీటీ పాటలో ఉన్నది, బంధువుకు చేబదులు ఇచ్చినది, స్థలం మీద పెట్టినది ఈ లెక్కలోకి రావు. పిల్లల చదువుకు, ఇంటికి దాచడం మొదలుపెట్టకముందే ఈ నిధి పూర్తి కావాలి. ఇరవై ఏళ్లుగా చెబుతున్నాను, ఇంకా చెబుతాను.

మీ విషయంలో ఆ నిధిని ఇప్పుడైనా ఏర్పాటు చేయవచ్చు. ఇంటి ఖర్చు 24,000, మీ సంపాదన 8,000. నెలకు లోటు 16,000. పీఎఫ్ 3,40,000 వచ్చిన రోజునే ముందుగా 95,000 మీ పేరు మీద వేరే బ్యాంకు ఖాతాలో వేయండి. దాదాపు ఆరు నెలల లోటు అది. వడ్డీ వ్యాపారి కన్నా, యాప్‌ల కన్నా ముందు ఆ ఖాతా నిండాలి. ఆ తరువాత లోన్ యాప్‌ల 45,000 కట్టి, ఆ యాప్‌లు ఫోనులోంచి తీసేయండి. మిగిలిన 2,00,000తో మూడు రూపాయల అప్పు తీర్చి ప్రామిసరీ నోటు వెనక్కి తీసుకోండి. నోటు చేతికి రాకుండా డబ్బు ఇవ్వకండి. నూటికి మూడంటే ఏడాదికి 36 శాతం. నెలకు 6,000 వడ్డీకే పోతోంది. మీరు రాత్రింబవళ్లు మిషను తొక్కి తెచ్చే దానిలో మూడు వంతులు అతని చేతిలో పోస్తున్నారు. గ్రాట్యుటీ 87,692 రాగానే అది కూడా నిధిలోకే. అప్పుడు 1,82,000కు పైగా, అంటే పదకొండు నెలల లోటుకు సరిపడా మీ దగ్గర ఉంటుంది. పీఎఫ్ ఆలస్యమయ్యేటట్టుంటే, ఇంట్లో బంగారం ఉన్నట్టయితే ఏదైనా బ్యాంకులో కుదువపెట్టి ముందుగా ఆ మూడు రూపాయల అప్పు తీర్చండి.

మీ బావగారి సలహా ప్రేమతోనే ఇచ్చి ఉంటారు. కాని నేను ఒప్పుకోను. కుడి చెయ్యి పనిచేయని మనిషి బస్తాలు దించి, తూకం వేసి నడపవలసిన దుకాణానికి, ఉన్న ఒక్క ఇల్లు తాకట్టు పెట్టడమా? దుకాణం నిలదొక్కుకోవడానికి ఏడాది పడుతుంది, ఫైనాన్స్ వారి వాయిదా మాత్రం వచ్చే నెల నుంచే మొదలవుతుంది. మూడు వాయిదాలు తప్పితే గోడ మీద నోటీసు అంటిస్తారు. ఇంటి కాగితాలు బీరువాలోంచి బయటకు తీయకండి. ఈ మాట మీ బావగారికి నా పేరు చెప్పి చూపించినా నాకు అభ్యంతరం లేదు.

ప్రభుత్వం నుంచి వచ్చేదానికి ముందుగా వైకల్య ధ్రువపత్రం కావాలి. దరఖాస్తు చేసి, తేదీ తీసుకుని వైద్య శిబిరానికి తీసుకువెళ్లండి. 40 శాతానికి తగ్గకుండా నమోదైతే, కుటుంబ ఆదాయ పరిమితికి లోబడి తెలంగాణలో చేయూత పింఛను నెలకు 4,016 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న పాఠకులకు 2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద ఇది 6,000, మంచానికే పరిమితమైనవారికి 15,000. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఈ శాతం పీఎఫ్ వైకల్య పింఛనుకు సరిపోదు, పీఎఫ్ వారి పరీక్ష వేరు. ఒకటి వచ్చింది కదా అని రెండోది ఆపవద్దు. కంపెనీ ఆరోగ్య బీమా ఉద్యోగంతో పాటే పోయి ఉంటుంది. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ కింద ఇప్పుడు 10 లక్షల దాకా చికిత్స ఉంది, మీ కార్డు చూసుకోండి.

ఇంకా ఉద్యోగంలో ఉండి ఇలాంటి జబ్బుతో బాధపడుతున్నవారికి రెండు మాటలు. జీతం 21,000 లోపు ఉండి ఈఎస్ఐలో ఉన్నవారికి, పక్షవాతం సహా 34 దీర్ఘకాల జబ్బులకు రెండేళ్ల దాకా జీతంలో 80 శాతం వచ్చే అవకాశం ఉంది. దానికి సర్వీసు షరతులు ఉన్నాయి. ఆ సంగతి తేల్చుకోకుండా రాజీనామా రాయకండి. ప్రభుత్వ సంస్థల్లో పనిచేసేవారిని, ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చిందని తీసేయకూడదు. 2016 వైకల్య హక్కుల చట్టం ప్రకారం అదే జీతంతో చేయగలిగిన వేరే పని చూపించాలి.

ఉత్తరం చివర మీరు ఒక వాక్యంలో దాటవేసిన విషయం ఒకటి ఉంది. మీ వారి పేరు మీద 50 లక్షల టర్మ్ పాలసీ ఉంది, ఏటా కట్టే ప్రీమియం గడువు వచ్చే నెల 12, ఈసారి మానేద్దామనుకుంటున్నారు. అమ్మా, మిగిలినవన్నీ ఆలస్యమైనా ఇది మాత్రం కట్టండి. ఒకసారి పక్షవాతం వచ్చిన మనిషికి కొత్త పాలసీ దొరకడం చాలా కష్టం. దొరికినా ఇప్పటి ప్రీమియానికి ఎవరూ ఇవ్వరు. ఈ వారంలోనే పాలసీ కాగితం తీసి, తీవ్ర వ్యాధుల రైడరు (పాలసీకి అదనంగా తీసుకునే రక్షణ) గానీ ప్రీమియం మినహాయింపు రైడరు గానీ జతచేసి ఉన్నాయేమో చదవండి. శాశ్వత నరాల లోపం మిగిల్చిన పక్షవాతం తీవ్ర వ్యాధుల జాబితాలో ఉంటుంది, లోపం కనీసం మూడు నెలలు కొనసాగి ఉండాలి, మీ వారికి పదకొండు నెలలైంది. ఉంటే వెంటనే క్లెయిము పెట్టండి. లేకపోతే, 12వ తేదీకి డబ్బు సర్దుబాటు కాకున్నా ఏడాదికోసారి కట్టే పాలసీకి ఆపై ముప్పై రోజుల వెసులుబాటు ఉంటుంది. ఆ ముప్పై రోజులు దాటనీయకండి.