సబ్‌వూఫర్ టకటకమంటోంది, పెద్దది కొనమంటారా?

ప్రొద్దుటూరు నుంచి వచ్చి ఏడు నెలలుగా డాలస్‌లో ఉంటున్న ఒక తమ్ముడు ఇలా అడిగారు: "మా అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో ఉంది. బాస్‌ను, అంటే బరువైన కింది స్వరాలను, వినిపించే స్పీకరు పెట్టె, వాడిన పది అంగుళాల సబ్‌వూఫర్ ఒకటి కొన్నాను. సోఫాలో కూర్చుంటే బాస్ ఆనడం లేదు. పెంచితే, పేలుళ్ళ సన్నివేశాల్లో పెట్టెలోంచి సుత్తితో కొట్టినట్టు టకటకమని శబ్దం వస్తోంది. కింది ఇంటివారు ఇప్పటికి రెండుసార్లు వచ్చి తలుపు తట్టారు. పదిహేను అంగుళాలది 1,500 డాలర్లకు దొరుకుతోంది, దానితో సమస్య తీరిపోతుందని స్నేహితులు అంటున్నారు. కొనమంటారా?"

కొనవద్దు. మీ స్నేహితులు ఇచ్చిన సలహానే నాకు కూడా ఎవరో ఇచ్చారు, నేను విన్నాను, చేతి చమురు వదిలించుకున్నాను. 1,500 డాలర్లంటే లక్ష రూపాయలు దాటిన మాట. అంగళ్ళలో బంగారం తూకం చూస్తూ పెరిగిన ప్రొద్దుటూరు వారికి లెక్క నేను చెప్పనక్కరలేదు గానీ, ఈ దేశానికి వచ్చిన మొదటి ఏడాదిలో డాలరును రూపాయిల్లోకి మార్చి చూసుకునే అలవాటు ఎందుకో అందరికీ ఎలక్ట్రానిక్స్ దుకాణం గుమ్మం దగ్గరే పోతుంది. నాకూ పోయింది.

మాది ఎర్రగుంట్ల పక్కన పల్లె. సిమెంటు ఫ్యాక్టరీల సున్నపురాయి గనుల్లో మందు పేల్చినప్పుడు చెవికి వినిపించే ముందే గుండెల్లో ఒక అదురు తెలిసేది, అలమరలో గిన్నెలు చిన్నగా మోగేవి. ఆ అదురును సినిమాలో కూడా అనుభవించాలన్నది చిన్ననాటి కోరిక. 2009లో, ఉద్యోగం కుదిరిన ఆరో నెలలో, పన్నెండు అంగుళాల సబ్‌వూఫర్‌ను 600 డాలర్లకు కొన్నాను. అప్పుడు డాలరు 48 రూపాయల చుట్టూ ఉండేది కనుక అది సుమారు 29 వేల రూపాయలు. ఆ నెల ఇంటికి డబ్బు పంపలేదు. ఏమైందని మా నాన్న అడిగితే అపార్ట్‌మెంట్ అడ్వాన్సు అని చెప్పాను.

తెచ్చిన సబ్‌వూఫర్‌ను గది మూలలో పెట్టి, దాని వెనక ఉన్న, మోతను పెంచే గెయిన్ మీటను చివరిదాకా తిప్పి, స్పీకర్లన్నిటినీ నడిపే రిసీవర్‌లో కూడా సబ్ స్థాయిని ప్లస్ పదికి పెంచాను. మొదటి పెద్ద పేలుడుకే మీరు చెప్పిన టకటక మొదలైంది. అది సినిమాలో ఉన్న శబ్దమే కాబోలు, ఎంత బాగా రికార్డు చేశారో అనుకుని మురిసిపోయాను. నిజానికి అది కోన్, అంటే స్పీకరులో ముందుకూ వెనక్కూ ఊగే గరాటు లాంటి పొర, తన ప్రయాణం చివరకు చేరి, దాన్ని కదిలించే తీగచుట్ట (వాయిస్ కాయిల్) వెనకనున్న లోహాన్ని కొట్టుకుంటున్న చప్పుడు. నాలుగు నెలల తరువాత ఒక శనివారం రాత్రి కాలిన వాసన వచ్చింది. బాగుచేయడానికి అడిగిన డబ్బుకు ఇంకొకటి వచ్చేది, కాబట్టి ఇంకొకటి కొన్నాను, దానితోనూ అదే పని చేశాను. నా తెలివితేటల గురించి మీరు ఇక్కడికే ఒక అభిప్రాయానికి వచ్చి ఉంటారు.

ఆ చప్పుడు ఎందుకు వస్తుందో నాకు తెలియడానికి రెండేళ్ళు పట్టింది. హెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్ని కంపనాలో చెప్పే లెక్క, అది తగ్గేకొద్దీ స్వరం కిందికి దిగుతుంది. 40 హెర్ట్జ్ దగ్గర వచ్చిన మోతే 20 హెర్ట్జ్ దగ్గర కూడా రావాలంటే కోన్ నాలుగు రెట్లు ఎక్కువ దూరం ముందుకూ వెనక్కూ కదలాలి. రంధ్రం ఉన్న పెట్టె, అంటే పోర్టెడ్ రకం, ఒక నిర్ణీత స్వరస్థాయి వరకు ఈ శ్రమను పోర్టులోని గాలితో పంచుకుంటుంది. ఆ స్థాయి దిగువకు వెళ్ళగానే పెట్టెలోని గాలి కోన్‌ను పట్టి ఉంచడం మానేస్తుంది, కోన్ పగ్గం తెగిన ఎద్దులా ఊగుతుంది. చిన్న పెట్టెల్లో ఈ స్థాయి సాధారణంగా 30 హెర్ట్జ్‌కు అటూఇటూ ఉంటుంది. సినిమా ధ్వనిలో ఎల్‌ఎఫ్‌ఈ అనే ప్రత్యేకమైన బాస్ చానల్ ఉంది, అందులో 20 హెర్ట్జ్ దాకా, కొన్ని చిత్రాల్లో అంతకంటే దిగువకు కూడా శబ్దం నింపుతారు. పాటలు వింటే ఏ ఇబ్బందీ లేని సబ్‌వూఫర్ సినిమాకు మాత్రం ఎందుకు కొట్టుకుంటుందని మీకు అనుమానం వచ్చి ఉంటే, సమాధానం ఇదే. ఆ దిగువ స్వరాలను ముందే కోసివేసే హైపాస్ ఫిల్టర్ మీ దానిలో ఉందేమో చూడండి. లేకపోతే పోర్టును స్పాంజితో మూసి చూడండి, కొన్ని కంపెనీలు ఆ స్పాంజిని పెట్టెతోపాటే ఇస్తాయి. మోత కొంత తగ్గుతుంది, కోన్ మాత్రం అదుపులోకి వస్తుంది.

ఇక అసలు విషయం. మీరు గెయిన్ ఎందుకు పెంచారు? సోఫాలో బాస్ ఆనలేదు కనుక. నేను పెంచిందీ అందుకే. నా హాలు పొడవు 17 అడుగులు. బాస్ తరంగాలు చాలా పొడవైనవి, 20 హెర్ట్జ్ తరంగం ఒక్కటే 17 మీటర్లు ఉంటుంది. అవి గోడలకు తగిలి వెనక్కు వచ్చి, ఒకదానితో ఒకటి కలిసి కొన్నిచోట్ల రెట్టింపవుతాయి, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి చంపుకుంటాయి. 17 అడుగుల గదిలో కదలకుండా నిలిచిపోయే మొదటి తరంగం (స్టాండింగ్ వేవ్) 33 హెర్ట్జ్ దగ్గర పుడుతుంది, దానికి గది పొడవులో సరిగ్గా నడిమధ్యన ఏమీ వినిపించదు. నేను సోఫాను చూడముచ్చటగా ఉంటుందని సరిగ్గా నడిమధ్యనే వేశాను. గోడల దగ్గర, కింది ఇంట్లో, పక్కింటి పడకగదిలో వినిపిస్తున్న బాస్, దానికి డబ్బు కట్టిన నా ఒక్కడికే వినిపించలేదు. సోఫాను మూడడుగులు వెనక్కు జరిపిన రోజున, పైసా ఖర్చు లేకుండా, గెయిన్ సగానికి తగ్గించినా సరిపోయింది.

కాబట్టి మీరు మొదట చేయవలసింది ఇది. సబ్‌వూఫర్‌ను మోసుకెళ్ళి మీరు కూర్చునే చోట, సోఫా మీదనే పెట్టండి. బాస్ ఎక్కువగా ఉన్న ఒక ముక్కను పదేపదే ఆడించి, గోడల వెంబడి మోకాళ్ళ మీద పాకుతూ వినండి. ఏ చోట బాస్ నిండుగా, సమంగా వినిపిస్తుందో ఆ చోటే సబ్‌వూఫర్‌కు సరైన స్థలం. మా ఆవిడ నన్ను అలా పాకుతూ చూసిన రోజున ఇండియాకు ఫోను చేసి వాళ్ళమ్మకు చెప్పింది, ఆ పరువునష్టం మీరు కూడా భరించాలి. చెవి మీద నమ్మకం లేకపోతే సుమారు నూరు డాలర్లకు యూఎస్‌బీ కొలత మైకు దొరుకుతుంది, ఆ కొలతలను గీసి చూపే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం.

ఈ పని చేయకుండా పెద్దదానికి పరుగెత్తితే లెక్క ఎలా ఉంటుందో చూడండి. సోఫా దగ్గర మోత పది డెసిబెల్స్ (శబ్ద తీవ్రతకు కొలత) తక్కువైతే, దాన్ని శక్తితో పూడ్చడానికి పది రెట్ల వాట్లు కావాలి. 300 వాట్లకు బదులు 3,000 వాట్లు. పైగా, తరంగాలు ఒకదాన్నొకటి చంపుకునే చోట ఎంత పోసినా నిలవదు, చిల్లికుండే. మీరు పెంచిన ప్రతి వాటూ కింది ఇంటికి చేరుతుంది, బిల్లు మాత్రం మీకు వస్తుంది.

మీరు అడగకపోయినా ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే ఎవరో ఒకరు మీకు బరువైన బండ మీద పెట్టమని సలహా ఇస్తారు. మన ఇళ్ళలో నేల కడప బండ, గోడలు రాయి. ఇక్కడి అపార్ట్‌మెంట్లలో చాలావాటికి నేల కింద చెక్క దూలాలు, మధ్యలో ఖాళీ, అంటే సబ్‌వూఫర్‌ను ఒక పెద్ద డప్పు మీద కూర్చోబెట్టినట్టు. ఈ తేడా తెలిసిన వెంటనే నేను రాళ్ళ దుకాణానికి వెళ్ళి 60 డాలర్లు పెట్టి రెండడుగుల గ్రానైట్ పలక తెచ్చాను. ఎర్రగుంట్ల దారిలో రోడ్డు పక్కన గుట్టలుగా పడి ఉండే బండను డాలర్లు పోసి కొనుక్కున్న మొదటి కడప జిల్లావాడిని నేనే అయి ఉంటాను. రబ్బరు పాదాలైనా, బండ అయినా, నేలకు నేరుగా తగిలే అదురును మాత్రం కొంత తగ్గిస్తాయి. గాలిలో పుట్టి గోడలను, నేలను ఊపే ఒత్తిడిని అవి ఆపలేవు. అదురే మీకు ముఖ్యమైతే, సోఫా అడుగున బిగించే షేకర్లు ఉన్నాయి; గాలిలో మోత లేకుండా కుర్చీని మాత్రమే ఊపుతాయి, రెండు వందల డాలర్లలోపు పని అయిపోతుంది. అప్పుడు సోఫా కాళ్ళ కింద కూడా రబ్బరు పాదాలు వేయడం మరచిపోవద్దు.

రిసీవర్‌లో సర్దుబాట్లు కొన్నే. అన్ని స్పీకర్లనూ స్మాల్ అని పెట్టి, క్రాసోవర్‌ను, అంటే ఏ స్వరం దిగువన బాస్ సబ్‌వూఫర్‌కు వెళ్ళాలో చెప్పే హద్దును, 80 హెర్ట్జ్ దగ్గర ఉంచండి. ప్రధాన స్పీకర్ల బాస్‌ను వాటికీ సబ్‌వూఫర్‌కూ రెండింటికీ పంపే ఎల్‌ఎఫ్‌ఈ ప్లస్ మెయిన్ అనే అమరికను తీసేయండి. సబ్‌వూఫర్ వెనక ఉండే క్రాసోవర్ మీటను గరిష్ఠంలో వదిలేయండి, ఆ పని రిసీవర్ చేస్తుంది. రిసీవరే మైకుతో కొలిచి స్పీకర్లను సర్దుకునే ఆటో క్యాలిబ్రేషన్ తరువాత సబ్ స్థాయి మైనస్ పన్నెండుకు చేరి ఆగిపోతే మీ గెయిన్ మరీ ఎక్కువగా ఉందని అర్థం, తగ్గించి మళ్ళీ చేయండి. రాత్రి తొమ్మిది తరువాత నైట్ మోడ్ పెట్టుకోండి, పేలుళ్ళు తగ్గుతాయి, మాటలు స్పష్టంగానే ఉంటాయి. సినిమా హాలు ప్రమాణం ప్రకారం ఎల్‌ఎఫ్‌ఈ గరిష్ఠం 115 డెసిబెల్స్. అది థియేటరుకు పెట్టిన లెక్క, అపార్ట్‌మెంటులో దాన్ని అందుకోవాలని చూడడం అప్పు చేసి పప్పుకూడు తిన్నట్టే.

ఇంకా తృప్తి లేకపోతే, అదీ ఒక ఏడాది ఆగిన తరువాత, పెద్దది ఒకటి కాకుండా మీ దగ్గరున్నదానికి జతగా అదే రకం ఇంకొకటి కొనండి. ఆడియో పరికరాలు తయారుచేసే హార్మన్ సంస్థలో పరిశోధకుడు టాడ్ వెల్టి 2002లో ప్రచురించిన పరిశోధన ఎదురెదురు గోడల మధ్యభాగంలో చెరొకటి పెడితే సీటు సీటుకూ బాస్‌లో వచ్చే తేడా బాగా తగ్గుతుందని చూపింది. వాడిన పది అంగుళాలది 150 డాలర్లకు కూడా దొరుకుతుంది.

ఒకవేళ కొన్నది నచ్చక, ఊరికి పంపుదామనే ఆలోచన వస్తే మానుకోండి. నేను నా రెండో సబ్‌వూఫర్‌ను 2012లో 23 కిలోల సామాను పరిమితిలో, బట్టలు తగ్గించుకుని మరీ ఇంటికి మోసుకెళ్ళాను. మా తమ్ముడు ప్లగ్గుకు అడాప్టరు పెట్టి గోడలో గుచ్చాడు. వెనక చిన్న అక్షరాలతో 120 వోల్టులని రాసి ఉంది, గోడలో ఉన్నది 230. పొగ వచ్చింది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ధర, బాగుచేసే ఖర్చు కలిపితే కడపలోనే కొత్తది వచ్చేది. నేను డబ్బు పంపని ఆ నెల గురించి మా నాన్న అప్పుడు అడిగారు, నిజం చెప్పేశాను. ఆయన ఏమీ అనలేదు. ఆ చెక్కపెట్టె మీద ఇప్పుడు మా అమ్మ ఊరగాయ జాడీలు పెట్టుకుంటోంది.

శబ్దానికి సంబంధించిన నిబంధనలు, నిశ్శబ్ద వేళలు మీ లీజు పత్రంలోనూ నగరపాలక సంస్థ వెబ్‌సైటులోనూ ఉంటాయి, చదువుకోండి. మూడో ఫిర్యాదు దాకా రానివ్వకండి, అద్దె పునరుద్ధరించేటప్పుడు దాని ప్రభావం మీ జేబు మీద పడవచ్చు. అంతకంటే ముందు ఒక పని చేయండి. సినిమా పెట్టి, మీ ఆవిడనో రూమ్మేటునో రిమోటు పట్టుకోమని, మీరు స్వయంగా కింది ఇంటికి వెళ్ళి వారి హాలులో ఐదు నిమిషాలు కూర్చోవడానికి అనుమతి అడగండి. నేను ఈ పని 2011లో గానీ చేయలేదు. కింద ఉండే పెద్దావిడ నాకు టీ ఇచ్చి కూర్చోబెట్టింది. పైనుంచి ఒక్క మాట గానీ, పాట గానీ వినిపించలేదు. అర నిమిషానికొకసారి ఆమె షోకేసులోని గాజు గ్లాసులు మాత్రం, మా ఇంటి అలమరలో గిన్నెల మాదిరిగానే, చిన్నగా మోగుతున్నాయి. ఫోను చేసి, ఆ గ్లాసులు ఆగేదాకా గెయిన్ తగ్గించమని మా ఆవిడకు చెప్పాను. మీట ఆ రోజు ఆగిన చోట తెల్ల పెయింటుతో చుక్క పెట్టుకున్నాను, ఇప్పటికీ దాన్ని దాటను.