కాలవ పారుతుందా, రన్ అవుతుందా?

సందేహం: మాది అమలాపురం దగ్గర పల్లె. కాలవకు నీళ్లు వదిలారా అని లాకుల దగ్గర ఒక కుర్రాణ్ణి అడిగితే "ఆయ్, రన్నింగ్‌లోనే ఉందండి" అన్నాడు. ఇంగ్లీషులో 'రన్' అనే క్రియకు అసలు ఎన్ని అర్థాలు? అన్నిటికీ సరిపోయే తెలుగు మాట ఒకటి ఉందా? పనిలో పనిగా, 'పరుగెత్తు' అనాలా, 'పరిగెత్తు' అనాలా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

సమాధానం: ఆక్స్‌ఫర్డ్ నిఘంటువును తిరగరాస్తున్నవారు లెక్కపెడితే ఆ ఒక్క క్రియకు 645 అర్థాలు తేలాయట. అన్నిటికీ తెలుగులో ఒకే మాట వెతికే శ్రమ పెట్టుకోకండి. మనకు బస్సు తిరుగుతుంది, సినిమా ఆడుతుంది, కొట్టు నడుస్తుంది, ముక్కు కారుతుంది, జ్వరం కాస్తుంది. ఎన్నికల్లో అమెరికావాడు పరుగెడతాడు, ఇంగ్లండువాడు నిలబడతాడు. మనవాడూ నిలబడతాడు. గెలిచాక కనబడడు, అది వేరే సంగతి.

అయితే మీ ఉత్తరంలో కాలవ ఉంది. కాలవ పేరెత్తాక 'పారు' గురించి చెప్పకుండా ఉండటం నా వల్ల కాదు. దీని పాత రూపం 'పాఱు', బండి ఱతో. ఆ అక్షరాన్ని బళ్లలోంచి సాగనంపాం కాబట్టి పిల్లలకు గుర్తుపట్టే దారి లేదు. 'ఎప్పుడు నెడతెగక పాఱు నేఱు' అని సుమతి శతకంలో చదువుకున్నాం కదా, అక్కడ ఏరు ప్రవహిస్తోంది. కానీ ఈ మాటకు పరుగెత్తడమనే అర్థమూ ఉంది. దొంగ 'పారిపోయాడు' అంటున్నామే, వాడేమైనా నీళ్లలా ప్రవహించాడా? పరుగెత్తిపోయాడు. 'పరుగు' కూడా ఈ కుదుటిదే. పసిపిల్ల పారాడటంలోనూ, చెత్త పారేయడంలోనూ ఉన్నది ఇదే పాఱు. పక్కింటి చుట్టాలను చూడండి: కన్నడంలో హారు అంటే ఎగరడం, దూకడం; తమిళంలో పఱ అంటే ఎగరడం, పఱవై అంటే పిట్ట. ఒకే వేరు ఒకచోట ఎగిరింది, ఒకచోట దూకింది, మన దగ్గర నేల మీద పరుగెత్తి చివరికి కాలవలో దిగింది.

తమాషా ఏమిటంటే ఇంగ్లీషు 'రన్' కథా ఇలాంటిదే. దాని జర్మన్ చుట్టం 'రిన్నెన్'కు ఇప్పటికీ పారడం, కారడం అనే అర్థం. అంటే మీ లాకుల కుర్రాడు తెలియక అన్నా, పాఱుకు సరైన జోడీనే పట్టాడు! అలాగని మెచ్చుకోలేను. ఆనకట్ట అనే మాటను మన దక్షిణాది భాషల నుంచి ఇంగ్లీషువాళ్లు 'అనికట్' అని పట్టుకుపోయారు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన 1852లోనే బ్రౌన్ దొర తెలుగు నిఘంటువు మద్రాసులో అచ్చయింది. దొరలు మన మాటలు ఏరుకుని దాచుకుంటే, ఆ ఆనకట్ట నీళ్లు తాగే మనం 'నీటిపారుదల' అన్న చక్కని మాటను బోర్డు మీదే వదిలేసి 'ఇరిగేషన్ వాళ్లు వచ్చారు' అంటున్నాం. 'ఈ నీళ్లకు పదెకరాలు పారుతుంది' అని రైతు అంటాడు. అక్కడ పారేది నీళ్లా, పొలమా? ఆ సొగసు 'రన్'కు 645 అర్థాల్లోనూ దొరకదు.

మోటారు, కంప్యూటరు లాంటివాటికి 'రన్ అవుతోంది' అంటే నేను పేచీ పెట్టను. మిల్లు ఆడుతోంది అనేవాళ్లు ఇంకా ఉన్నారు. ఉన్నంతకాలం నాకు సంతోషమే. కాలవకు మాత్రం 'పారుతోంది' అనే అనండి.

ఇక రెండో ప్రశ్న. పరుగు, ఎత్తు కలిస్తే పరుగెత్తు. రాతలో అదే మేలు. 'పరిగెత్తు' అని విడదీస్తే 'పరిగె ఎత్తు' అవుతుంది. పరిగె అంటే కోతలయ్యాక చేలో రాలిపోయిన కంకులని మీ ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. అయితే నోటి మాటలో పరిగెత్తు బాగా స్థిరపడిపోయింది, మా ఇంట్లోనూ అదే అంటారు. తప్పని కొట్టేయడానికి చెయ్యి రావడం లేదు. పిల్లల కాగితాలు దిద్దేటప్పుడు మీకు ఎలా తోస్తే అలా చేయండి.