అబ్లేషన్ అయిన మూడు వారాలకే మళ్లీ దడ వచ్చింది, ఫెయిలైనట్టేనా?

మీ నాన్నగారికి పర్సిస్టెంట్ ఏఎఫ్‌కి (గుండె పై గదులు విడవకుండా లయ తప్పి కొట్టుకునే జబ్బుకి) అబ్లేషన్ చేయించి మూడు వారాలైందని, మొన్న రాత్రి మళ్లీ దడ మొదలైందని, పెట్టిన డబ్బంతా పోయినట్టేనా అని అడిగారు. కాదండీ. నాకు పంతొమ్మిదో రోజున అచ్చం ఇలాగే అయింది.

నాకు అప్పుడు 57 ఏళ్లు. పది నెలలుగా గుండె లయ తప్పే ఉంది. దడ కన్నా ఆయాసమే ఎక్కువ బాధపెట్టేది, ఒక అంతస్తు ఎక్కితే గోడ పట్టుకుని నిలబడాల్సి వచ్చేది. గుండెకి కరెంటు షాక్ ఇచ్చి లయ సరిచేస్తే నాలుగు రోజులు నిలిచింది. ఆ నాలుగు రోజులూ మెట్లు మామూలుగా ఎక్కాను. అందుకే అబ్లేషన్‌కి ఒప్పుకున్నాను.

ఊపిరితిత్తుల నుంచి వచ్చే రక్తనాళాలు గుండె ఎడమ పై గదిలో కలిసే చోట చాలామందికి ఇలా లయ తప్పించే తప్పుడు కరెంటు పుడుతుంది. ఫ్రాన్స్‌లోని బోర్డో డాక్టర్లు 1998లో ఈ సంగతి చూపించారు. అబ్లేషన్‌లో గజ్జల్లోంచి వైరు పంపి, ఆ కరెంటు దాటకుండా ఆ నాళాల చుట్టూ కాలుస్తారు. కాల్చిన చోట వాపు తగ్గి మచ్చ గట్టిపడేదాకా గుండె చిరాకుగానే ఉంటుంది. అందుకే మొదటి రెండు మూడు నెలల్లో వచ్చే దడను డాక్టర్లు ఫెయిల్యూర్‌గా లెక్కపెట్టరు. అలాగని ఊరుకోకండి. దడ ఉండగానే ఈసీజీ తీయించి మీ ఈపీ డాక్టర్‌కి (గుండె లయ చూసే స్పెషలిస్టుకి) పంపండి. నాకు మళ్లీ షాక్ ఇచ్చి, కొన్నాళ్లు లయ నిలిపే అమియోడరోన్ మాత్రలు వాడించారు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఎనిమిది నెలలకి నాకు ఏఎఫ్ తిరిగొచ్చింది, రెండోసారి అబ్లేషన్ చేశారు. కాల్చిన చోటు కొన్నిచోట్ల కోలుకుని కరెంటు మళ్లీ దాటుతోందట. ఇప్పటికి రెండేళ్లు బాగున్నాను. విడవకుండా ఉండే ఏఎఫ్‌లో రెండోసారి అవసరం పడటం మామూలేనట. ఆ మాట నాకు ముందే చెప్పి ఉంటే ఆ రోజు అంత కుంగిపోయేవాణ్ని కాదు.

రక్తం పలుచబడే మందు మాత్రం ఒక్క పూట కూడా మాన్పించొద్దు. అబ్లేషన్ తర్వాత కనీసం రెండు మూడు నెలలు అది తప్పనిసరి. ఆ తర్వాత వయసు, బీపీ, షుగర్, పాత పక్షవాతం వంటివి చూసి డాక్టరే చెప్తారు. లయ బాగుందని మనంతట మనం ఆపేస్తే పక్షవాతం రావచ్చు.

ఈ వారాల్లో జ్వరం, మింగితే నొప్పి, ఛాతీ నొప్పి, మాట తడబడటం, చెయ్యి పట్టు తప్పడం, వీటిలో ఏది కనబడినా వెంటనే అబ్లేషన్ చేసిన ఆసుపత్రికే తీసుకెళ్లండి. వేరేచోటికి వెళ్లాల్సి వస్తే అబ్లేషన్ అయిందని మొదటే చెప్పండి, ఈపీ డాక్టర్‌తో మాట్లాడకుండా ఎండోస్కోపీ (నోట్లోంచి గొట్టం పంపి చూసే పరీక్ష) చేయనివ్వకండి. కాల్చిన వేడికి గుండె వెనకే ఉన్న అన్నవాహికకి రంధ్రం పడటం చాలా అరుదు, కానీ పడితే ప్రాణాంతకం, అప్పుడు ఎండోస్కోపీ చేస్తే ఇంకా ప్రమాదం.

నాన్నగారు గట్టిగా గురక పెడతారా? నాకు నిద్రలో ఊపిరి ఆగుతోందని మా ఆవిడే గమనించింది. నిద్ర పరీక్ష చేయించి, రాత్రిళ్లు ఊపిరి ఆగకుండా గాలి పంపే మెషిన్ వాడి, తొమ్మిది కిలోలు తగ్గాను. రెండోసారి నిలవడంలో దానికీ వాటా ఉందని నా నమ్మకం.

రేపు ఈసీజీ తీయించాక ఏం చెప్పారో ఇక్కడ రాయండి, చూస్తుంటాను.