తీగ గులాబీ: కొమ్మను వంచితేనే పూత

ప్రశ్న: మాది అనంతపురం. ఉద్యోగాల కోసం వచ్చి బెంగళూరు రామ్మూర్తినగర్‌లో ఇల్లు కట్టుకున్నాం. గేటు పక్కన ప్రహరీ వెంట లేత గులాబీ రంగు తీగ గులాబీ నాటి రెండున్నరేళ్లయింది. పూలు చిట్టచివరే పూస్తున్నాయని, మా అమ్మ తన గులాబీలకు చేసినట్టే పోయిన అక్టోబరులో మోకాలెత్తుకు కత్తిరించాను. ఆర్నెల్లు ఒక్క మొగ్గ లేదు. మళ్లీ పైవాటా బాల్కనీ దాకా ఎగబాకి, కొసన నాలుగు పూలు పూసింది. అవి అద్దెకున్న వాళ్లకు తప్ప మాకు కనిపించవు. ఇప్పుడు మొదట్లోంచి లావుపాటి కొమ్మలు రెండు లేస్తున్నాయి. ఈ వానలకు ఆకులు నల్లమచ్చలు పడి రాలుతున్నాయి. దీన్ని పీకేసి, గట్టిగా తట్టుకుని ఏడాదంతా పూసే రకం పెట్టమంటారా? – ఒక గృహిణి, బెంగళూరు

జవాబు: పీకెయ్యకండమ్మా. మీరు పంపిన ఫొటోలు పెద్దవి చేసి చూశాను. కొమ్మలు బొటనవేలంత లావున్నాయి, పైఆకులు నిగనిగలాడుతున్నాయి, వేరు బాగుంది. కోసేసిన ఏడాదిలోనే మళ్లీ బాల్కనీ అందుకుందంటే బలానికి లోటు లేదు. ఆ బలమంతా నిలువుగా పైకి పోతోంది, మీ ఇబ్బంది అంతా అక్కడే.

ఏ కొమ్మయినా నిటారుగా నిలబడితే దాని కొసన ఉన్న చిగురుదే పెత్తనం. ఆ చిగురులో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగుతూ, దారిలోని కణుపుల దగ్గర పక్క చిగుళ్లను నిద్రపుచ్చుతుంది. అదే కొమ్మను పక్కకు వంచి కట్టారనుకోండి, కొస చిగురు పట్టు సడలుతుంది. కణుపు కణుపుకూ చిగురు నిద్రలేచి ఒక్కో పిల్లకొమ్మ వేస్తుంది. తీగ గులాబీలో పూలు ఎక్కువగా వచ్చేది ఈ జానెడు పిల్లకొమ్మల మీదే. పన్నెండడుగుల కొమ్మ నిటారుగా ఉంటే కొసన ఒక గుత్తి. పడుకోబెడితే పొడవునా పూతే.

చిక్కుడు పాదుకైతే పందిరి వేస్తే చాలు, అదే చుట్టుకుంటుంది. గులాబీకి చుట్టుకునే గుణం లేదు, నులితీగలూ లేవు. వంపు తిరిగిన ముళ్లే దానికి కొక్కేలు. అడవిలో పక్క చెట్టు కొమ్మకు వాటిని తగిలించుకుని పైకి పోతుంది. మన పెరట్లో ఆ ఆసరా మనమే ఇవ్వాలి. పేరులో తీగ అని ఉంది కదా, అదే పాకుతుందిలే అని వదిలేస్తారు చాలామంది. నా దగ్గరికి వచ్చే తీగ గులాబీ ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఇలా వదిలేసిన మొక్కలవే.

ప్రహరీ మీద అడుగున్నరకు ఒకటి చొప్పున నాలుగైదు వరుసల గట్టి జీఐ తీగ (జింకు పూత వేసిన ఇనుప తీగ) అడ్డంగా లాగించండి. గోడకూ తీగకూ మధ్య మూడంగుళాల సందు ఉండాలి. అప్పుడే గాలి ఆడుతుంది, ఏప్రిల్‌లో గోడ సెగ కొమ్మకు తగలదు. ఇక కొమ్మల్ని విసనకర్ర విప్పినట్టు రెండు పక్కలకూ పరచండి. ఒక్కరోజులో పడుకోబెట్టాలని చూడొద్దు. ఎడమ చేత్తో మొదలు గట్టిగా పట్టుకుని, కుడిచేత్తో ఎంత వంగితే అంతే వంచి కట్టండి. వారం ఆగి ఇంకొంచెం వంచండి. మూడు నాలుగు విడతల్లో నేలకు బాగా దగ్గరగా, ఏటవాలుగా వచ్చేస్తుంది. మొదట్లోంచి వచ్చే లేత కొమ్మ ఆవకాయ బద్దలా టక్కున ఊడిపోతుంది కాబట్టి దాని ఎరుపు పోయి పచ్చబడేదాకా ఆగండి. మరీ ముదిరి చెక్కబారితే మళ్లీ వంగదు. కట్టడానికి జనపనార గానీ పాత నూలుచీర పీలికలు గానీ వాడండి. జీఐ తీగను ఒక చుట్టు, కొమ్మను ఒక చుట్టు తిప్పి ముడి వదులుగా వెయ్యండి. ఇనుప తీగతో బిగిస్తే కొమ్మ లావెక్కేకొద్దీ కోసుకుపోతుంది. గేటు మీద ఆర్చి ఉంటే స్తంభం చుట్టూ కొమ్మను మెలికలుగా తిప్పుకుంటూ పైకి తీసుకెళ్లండి. అదీ వంచినట్టే లెక్క.

అక్టోబరు కత్తిరింపు విషయంలో మీ అమ్మగారు చేసింది తప్పు కాదు. పొద గులాబీకి, అంటే హైబ్రిడ్ టీ రకాలకు, అది సరైన పనే. వాటికి కోసిన చోట లేచే కొత్త చిగురు కొసనే మొగ్గ వస్తుంది. తీగ గులాబీ అలా కాదు. ముందు పొడవైన కొమ్మ పెరగాలి, అది కాస్త ముదరాలి, ఆ తర్వాతే పక్కకొమ్మలు, పూలు. మీరు మోకాలెత్తుకు కోసినప్పుడు అప్పటిదాకా కూడబెట్టుకున్న పూతకొమ్మలన్నీ పోయాయి. ఆ ఆర్నెల్లు మొక్క ఎముకలు మళ్లీ కట్టుకుంది. ఇకమీదట ఎండినవి, పెన్సిల్ కంటే సన్నవి, ఒకదాన్నొకటి రాసుకునేవి మాత్రమే తియ్యండి. పూసి అయిపోయిన పిల్లకొమ్మల్ని రెండు మూడు కణుపులు ఉంచి కత్తిరించండి. కోసిన లావు కొమ్మల కొసకు కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు ముద్ద పూస్తే కొమ్మ పైనుంచి ఎండుకుంటూ రాదు.

ఇప్పుడు ఆ రెండు కొత్త కొమ్మల సంగతి. అవి ఎక్కడినుంచి వస్తున్నాయన్నది తేల్చకుండా సికేచర్ (కొమ్మలు కోసే కత్తెర) పట్టుకోకండి. ఫొటోలో అంటు కట్టిన బుడిపె మట్టిలో కూరుకుపోయి ఉంది, నాకు కనబడలేదు. చేత్తో మట్టి మెల్లగా తీసి చూడండి. బుడిపె మీదనుంచి వస్తే అవి బంగారం, రాబోయే మూడు నాలుగేళ్ల పూత వాటి మీదే. బుడిపె కిందనుంచి వస్తే అది వేరు మొక్క పిలక, అంటే మీ గులాబీని ఏ మొక్క వేరు మీద అంటు కట్టారో ఆ మొక్కది. ఒక్కో ఆకు కాడకు ఏడు చిన్నాకులుంటే పిలకే అని నర్సరీల్లో చెబుతారు, ఆ లెక్క నమ్మొద్దు. తీగ రకాల్లో చాలావాటికి మామూలుగానే ఏడు ఉంటాయి. బెంగళూరు వైపు అంట్లకు మల్టీఫ్లోరా అనే అడవి గులాబీని వేరు మొక్కగా ఎక్కువగా వాడతారు. దానికో మంచి గుర్తుంది. ఆకు కాడ కొమ్మకు అతుక్కునే చోట రెండు చిన్న రెక్కలుంటాయి. మల్టీఫ్లోరాలో ఆ రెక్కల అంచు దువ్వెన పళ్లలా చీలి ఉంటుంది. మీ పాత కొమ్మ ఆకు ఒకటి, కొత్త కొమ్మ ఆకు ఒకటి పక్కపక్కన పెట్టి చూడండి, తేడా తెలిసిపోతుంది. పిలకే అయితే కత్తిరించొద్దు, మళ్లీ రెండింతలు వస్తుంది. వేరు దాకా మట్టి తీసి, పుట్టిన చోటినుంచి కిందికి లాగి పీకెయ్యండి.

గట్టి రకం అడిగారు. గులాబీ పుస్తకాల్లో ‘గట్టి రకం’ అంటే చాలావరకు మంచును తట్టుకునేదని అర్థం. ఉదాహరణకు న్యూ డాన్ అనే లేత గులాబీ రంగు తీగ రకం. 1910లో అమెరికాలో వచ్చిన డాక్టర్ వాన్ ఫ్లీట్ అనే గులాబీ ఏడాదికి ఒక్కసారే పూసేది. దాని కొమ్మ ఒకటి ఉన్నట్టుండి గుణం మార్చుకుని విడతలు విడతలుగా పూయడం మొదలుపెట్టింది. దాన్నే న్యూ డాన్ పేరుతో 1930లో మార్కెట్లోకి తెచ్చారు. 1931లో అమెరికా ప్రభుత్వం ఇచ్చిన మొట్టమొదటి మొక్క పేటెంటు దానిదే. అంత పేరు రావడానికి కారణముంది. పైకి పాకడం, పదేపదే పూయడం అనే రెండు గుణాలు గులాబీలో ఒకదానికొకటి అడ్డుపడతాయి. పూతను ఆపిపట్టే జన్యువు ఒకటి అడవి గులాబీల్లో ఉంటుంది. ఒక పూత అవగానే అది మొక్కను కొమ్మలు పెంచుకునే పనికి మళ్లిస్తుంది. చైనా గులాబీల్లో ఆ జన్యువు దెబ్బతిన్నది కాబట్టి చిగురు చిగురుకూ మొగ్గ వేస్తాయి. 18వ శతాబ్దం చివర్లో అవి ఐరోపా చేరాకే అక్కడ ఏడాదంతా పూసే గులాబీలు పుట్టాయి.

మనకు బెంగళూరులో మంచు బాధ లేదు. మూడు వేల అడుగుల ఎత్తున ఉన్న ఊరు. చలికాలం రాత్రి 15 డిగ్రీల దగ్గర ఉంటుంది, గులాబీకి అది హాయి. ఇక్కడ గట్టి రకమంటే జూన్ నుంచి నవంబరు దాకా వానల్లో ఆకు నిలుపుకునేది, వేసవిలో తామర పురుగుకూ ఎర్రనల్లికీ లొంగిపోనిది. వేడి ప్రాంతాల గులాబీల మీద మన దేశంలో ఎం.ఎస్. వీరరాఘవన్ గారు చేసిన కృషిని ఇక్కడ తలచుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఐఏఎస్ అధికారిగా పనిచేసి, ఉద్యోగం ముందే వదిలి కొడైకెనాల్‌లో స్థిరపడి, మణిపూర్ కొండల్లోని జైగాంటియా, ఉత్తరాది చిత్తడి నేలల్లోని క్లైనోఫిల్లా అనే మన అడవి గులాబీలతో కొత్త రకాలు సృష్టించారు. రెండో మొక్క కొనాలనుకుంటే తెల్లని గుత్తులు వేసే ప్రాస్పరిటీ చూడండి, 1919 నాటి పాత రకం. ఏ రకమైనా, వానాకాలంలో వెళ్లి, నర్సరీలో మందు కొట్టకుండానే ఆకు నిలిచిన మొక్కను ఎంచుకోండి.

నల్లమచ్చ తెగులు శిలీంధ్రం మొలవాలంటే ఆకు దాదాపు ఏడు గంటలు తడిగా ఉండాలి. అందుకే నీళ్లు పొద్దున్నే, మొదట్లోనే పొయ్యండి, సాయంత్రం పైపుతో ఆకుల్ని తడపకండి. రాలిన ఆకులు రోజూ ఏరి చెత్తకు పంపండి. మొక్క కింద వదిలితే ఆ మచ్చలే మళ్లీ పైకి వస్తాయి. ఇప్పుడు లీటరు నీటికి 2 గ్రాముల మాంకోజెబ్ అనే తెగులు మందు కలిపి, వాన తెరిపిచ్చిన రోజు ఆకు రెండు వైపులా తడిసేలా కొట్టండి. పది రోజులకు ఇంకోసారి. మూతికి మాస్కు, చేతులకు గ్లౌజులు తప్పనిసరి. ఇంట్లో పిల్లలుంటే మందు ఆరేదాకా గేటు దగ్గరికి రానివ్వకండి. డిసెంబరులో లేత ఆకుల మీద తెల్లటి బూడిద కనిపిస్తే నీటిలో కరిగే గంధకం లీటరుకు 2 గ్రాములు సరిపోతుంది. ఎండ ముదిరాక మాత్రం గంధకం వాడొద్దు, ఆకు మాడుతుంది.

ఎరువు పెద్ద విషయం కాదు. మూడు నెలలకోసారి మొదలుకు అడుగు దూరంలో ఒక గంపెడు మాగిన పశువుల ఎరువు, రెండు గుప్పెళ్ల వేపపిండి వేసి మట్టి కప్పండి. యూరియా వెయ్యకండి, కొమ్మ ఇంకా పైకి పోతుంది. పొద్దున పూట కనీసం ఐదారు గంటల ఎండ పడాలి.

ఈ వారంలో వంచడం మొదలుపెడితే రెండు మూడు వారాల్లో కణుపుల దగ్గర ఎర్రటి చిగుళ్లు కనిపిస్తాయి, ఆరేడు వారాలకు పూత. వాడిన పువ్వును, దాని కింద ఐదు చిన్నాకులతో నిండుగా ఉన్న మొదటి ఆకు దాకా కోస్తూ ఉంటే మళ్లీ నెలన్నరకు ఇంకో విడత వస్తుంది. కొత్త కొమ్మల ఆకు రెక్కలు అర్థం కాకపోతే పీకకుండా ఆగి, దగ్గరగా ఒక ఫొటో తీసి పంపండి.